ఉయ్యాలలో బొచ్చె

"ఏం మేష్టారండీ మీరు! స్ప్రింగు మొహం చూడకుండానే స్ప్రింగు లెక్కకు సున్నా వేసేశారు!"

గుమ్మంలోనే దుర్గాభవాని వేసిన కేకకు, ఫిజిక్సు చెప్పే అనుదీప్ చేతిలోని కాఫీ ఒలికింది. కొల్లేటికోట నుంచి రెండు చేపలు మోసుకొచ్చిన ఆమె తండ్రి వెంకట్రాజు వెనక నుంచి నసిగాడు. "చిన్నపిల్లండీ, ఏమనుకోకండి. ఈ చేపలుంచుకుని, ఆ మార్కేదో..."

"నాన్నా, అవి లంచం కాదు, సాక్ష్యం!"

స్ప్రింగుకు కట్టిన బరువు నాలుగింతలైతే ఒక్కో ఊపుకు పట్టే సమయం ఎన్నింతలవుతుంది? రెండింతలని ఆమె రాసింది. నాలుగింతలని గైడులో ఉంది. అనుదీప్ గైడు చూసి దిద్దాడు.

నట్టింట్లో స్ప్రింగు ఉయ్యాల వేలాడుతోంది. దుర్గాభవాని అందులోని మేష్టారి పసివాణ్ణి తీసి అతని చేతుల్లో పెట్టింది. ఉయ్యాలలో కిలో శీలావతి చేపను పడుకోబెట్టి, కిందికి లాగి వదిలింది.

"లెక్కపెట్టండి సార్!"

పది సెకన్లలో పదహారు ఊపులు. తర్వాత దాని బదులు నాలుగు కిలోల బొచ్చె చేప ఎక్కింది. పది సెకన్లలో ఎనిమిదే, అంటే ఒక్కో ఊపుకు రెండింతల సమయం.

"బరువెక్కితే బద్ధకం పెరుగుద్దండి," అన్నాడు వెంకట్రాజు. "కానీ మరీ నాలుగింతలు పెరగదండి."

పన్నెండేళ్లుగా అనుదీప్ ఈ లెక్క చెబుతున్నాడు. ఏడు నెలలుగా ఈ ఉయ్యాల ఊపుతున్నాడు. రెండూ ఒకటేనని ఒక్కనాడూ తట్టలేదు.

"మార్కు వెయ్యండి సార్. గైడు చింపండి. రేపు క్లాసులో స్ప్రింగు కట్టండి!"

వంటింట్లోంచి వచ్చిన అతని భార్య రాజశ్రీ ఉయ్యాలలోకి తొంగిచూసి, కొంగుతో ముక్కు మూసుకుంది.

"ఏవండీ, అవన్నీ తర్వాత. ముందు ఆ ఉయ్యాల గుడ్డ ఉతకండి!"