హంస ఫైలు

దొంగతనానికి బయల్దేరిన అల్లుడి సంచిలో రెండు స్క్రూడ్రైవర్లు, గజం కేబులు, ఒక పెన్‌డ్రైవు ఉన్నాయి.

"వెనక వీధి ఎంబ్రాయిడరీ షాపు పెద్దావిడ ఎగ్జిబిషన్ కోసం హంస డిజైన్ గీయించిందట. దారాల వ్యాపారి చెవిలో చెప్పాడు," అన్నాడు మామ, తన ఎంబ్రాయిడరీ షాపులో కంప్యూటరు కుట్టు మిషను మీద చెయ్యి వేసి. "వాళ్ల కంప్యూటర్లు రెండూ కలవడం లేదట. రిపేరువాడిలా వెళ్లు. హంసను తెచ్చావా, ఈ షాపు తాళాలు నీవి. తేలేదా, ఇంకో పదేళ్లు దారాలు చుట్టుకో."

"గుర్తుపడితేనో మావయ్యా?"

"నువ్వొచ్చి మూడు నెలలేగా. నిన్ను మన వీధి కుక్కే ఇంకా గుర్తుపట్టలేదు."

ఆ మూడు నెలల్లోనే మామ షాపులో కంప్యూటర్లకు అదే జబ్బు వస్తే అల్లుడు ఒక్క పూటలో కుదిర్చాడు. మామ ఆ సంగతి బజారంతా డప్పు కొట్టుకున్నాడు.

పెద్దావిడ షాపులో ముందు గదిలో ఒక కంప్యూటరు, లోపలి గదిలో కుట్టు మిషను పక్కన మరొకటి. డిజైన్లన్నీ లోపలిదాంట్లోనే ఉన్నాయి. దానికి పెన్‌డ్రైవు పెట్టే చోట్లు లక్కతో మూసేశారు. పెద్దావిడ కుర్చీ దాని పక్కనే. హంస బయటికి రావాలంటే ఒకటే దారి. రెండింటినీ కలపాలి, ముందు గదిలోంచి లాగాలి.

దొంగతనానికి కూడా ముందు ఒళ్లొంచి పనిచేయాల్సి వచ్చిందే అని అల్లుడు లోపల నవ్వుకున్నాడు.

"ఈ రెండింటినీ కలిపింది మా ఆయన," అంది పెద్దావిడ. "ఆయన పోయాక ముందు గదిలోది పాడైంది. కొత్తది కొని, ఇందులో ఉన్నదంతా అందులోకి దించారు. అప్పట్నుంచీ వీటి మధ్య మాటల్లేవు. ముగ్గురొచ్చి చూశారు బాబూ. మంచినీళ్లు తాగి వెళ్లారు."

కేబులు బాగానే ఉంది. ఫోల్డరు పంచుకునే అనుమతులూ ఉన్నాయి. అయినా ఒకదానికొకటి కనపడదు. గంట గడిచాక అసలు సంగతి అతని కంట పడింది.

"అమ్మా, రెండింటికీ ఒకే పేరుంది. మొత్తం నకలు దించారుగా, పేరు కూడా వచ్చేసింది. పిలిస్తే ఎవరు పలకాలో తెలీక రెండూ నోరు మూసుక్కూర్చున్నాయి."

"మా ఇంట్లో వేరేలే. ఎవరి పేరు వాళ్లదే, పిలిస్తే ఒక్కరూ పలకరు."

"వీటికేం పేర్లు పెట్టమంటారు?"

"ఇది అత్త. అది కోడలు."

"పెట్టండి, పెట్టండి," అంది ముందు గదిలోంచి ఆవిడ కోడలు. "అవైనా సఖ్యంగా ఉంటాయి."

పేర్లు మార్చి, రెండింటినీ ఆపి మళ్లీ వెలిగించాడు. ముందు గది తెర మీద 'అత్త' ప్రత్యక్షమైంది. అందులో డిజైన్ల ఫోల్డరు. అందులో హంస. కోడలు ఎవరికో గుడ్డ కొలిచి చూపిస్తోంది. అల్లుడు పెన్‌డ్రైవు గుచ్చాడు, హంస అందులోకి దిగింది.

"ఎంతివ్వమంటావు బాబూ?"

"మొదటిసారికి ఏమీ వద్దమ్మా."

"ఏ ఇంటి అల్లుడివో గానీ, అదృష్టవంతులు," అంది పెద్దావిడ. అతను తలెత్తకుండా చెప్పులేసుకున్నాడు.

ఆ ఫైలు కుట్టు మిషను మీద తప్ప తెరుచుకోదు. మామ తెల్లటి గుడ్డ బిగించి, బంగారు రంగు దారం ఎక్కించి, తాళాలగుత్తి అల్లుడి ముందు పెట్టి మీట నొక్కాడు. సూది టకటకా పరిగెత్తింది. హంస మెడ ఒంపు తిరగాల్సిన చోట ఒక అక్షరం పడింది. దాని పక్కన ఇంకొకటి. మామ చెయ్యి మెల్లగా తాళాలగుత్తి మీదికి పాకింది. మిషను ఆగేసరికి గుడ్డ మీద ఇలా ఉంది:

"అన్నయ్యా, మీ అల్లుణ్ణి పంపమని మూడుసార్లు కబురు చేస్తే పంపలేదు, హంస ఉందంటే ఒక్క పూటలో పంపారు, సోమవారం నెమలి గీయిస్తున్నాం, ప్రింటరు కూడా చెడిపోయింది."