గోడ మీద రెండు తలలు

టైలరు స్టూలెక్కి, కొత్తగా లేస్తున్న గోడ మీంచి తల పైకి పెట్టాడు. సరిగ్గా అప్పుడే అవతల నుంచి వాచీలు బాగుచేసే పక్కింటాయన తల కూడా లేచింది.

“ఏంటయ్యా, నా ఇంట్లోకి తొంగి చూస్తున్నావ్?” అన్నాడు టైలరు.

“నువ్వెందుకెక్కావు?”

“తిడదామని.”

“నేనూ అందుకే.”

ఇద్దరూ గతుక్కుమన్నారు. జానెడు నేల కోసం ఏళ్ల తరబడి పోట్లాడుకున్నారు. చివరికి సర్వేయరు హద్దు తేల్చాడు, ఆ గీత మీదే గోడ లేస్తోంది. ఇక ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేదు.

“తలలు తీస్తే మిగతా ఇటుకలు పేరుస్తా,” అన్నాడు మేస్త్రీ.

టైలరు తల దించబోయి ఆగాడు. రేపటి నుంచి ఎవరితో పోట్లాడాలి? ఇంట్లో ఆవిడతోనా? గెలిచే ఆశే లేదు.

“మేస్త్రీ, ఇక్కడో కిటికీ పెట్టు,” అన్నాడు మెల్లగా.

వాచీలాయన మొహం చేటంతయింది. “పెట్టు, పెట్టు! గడియ మాత్రం నా వైపుండాలి.”

“నీ వైపెందుకు? కిటికీ అడిగింది నేను!”

“గోడలో సగం నాది!”

“సగం గోడకి గడియంతా కావాలా?”

మేస్త్రీ ఇద్దరి మొహాలూ చూశాడు. పెళ్లివారి మొహాల్లా వెలిగిపోతున్నాయి. ఇవాళ్టికి పని సాగదని తాపీ కడుక్కున్నాడు.