డాక్టరమ్మ ఉన్న పుస్తకం

"ఈ పుస్తకంలో డాక్టరమ్మ యాడుండాదో నువ్వే చూపించక్కా" అంటూ పల్లవి నవలను బల్ల మీద పడేసింది.

పూతలపట్టు కూడలిలోని ఆ అద్దె పుస్తకాల అంగడిలో అప్పుడు ముగ్గురే ఉన్నారు. అడిగింది కాలేజీ పిల్ల పల్లవి. బల్ల వెనక కూర్చున్నది లోకేశ్వరి. మూడోవాడు యోగానంద. తమిళనాడులోని గుడియాత్తం వైపు నుంచి చింతపండు తెచ్చి తిరుపతిలో అమ్ముతాడు. బస్సు మారడానికి దిగి, ఈ అంగడి మరిగాడు. పల్లవి మాట వినగానే అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ నవలను పోయిన వారం తిరిగి ఇచ్చింది అతనే.

"డాక్టరమ్మ, లారీ డ్రైవరు, వానలో ఆగిపోయిన బండి అని కథ చెప్పి ఇస్తివి. దీంట్లో ఉండేది పాటల టీచరు. లారీ అట్ట మీద తప్ప లోపల యాడా లేదు" అంది పల్లవి.

"బాగా సూడు పాపా, మధ్యలో వస్తాది" అంది లోకేశ్వరి తొణక్కుండా. "కావాలంటే ఈయన్ని అడుగు. నీకంటే ముందు సదివినాడు. డాక్టరమ్మ ఉండాది గదప్పా?"

నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ యోగానంద ఆమె మాట పడిపోనివ్వగలడా?

"ఎందుకు లేదు, ఉండాది" అన్నాడు. "కడాకు ఆ లారీలోనే ఇద్దురూ కాణిపాకం పోయి దండలు మార్చుకుంటారు."

"అవును, అంతే గదా" అంది లోకేశ్వరి.

పల్లవి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పుస్తకం తెరిచి అతని చేతిలో పెట్టింది. "ఏ పేజీలోనో చూపించండి సార్."

యోగానంద పేజీలు ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. బయట బస్సు హారన్ కొట్టకపోతే ఇంకా ఎంతసేపు తిప్పేవాడో.

"రేపు మీ అన్న ఉండేటప్పుడు వచ్చి మాట్లాడతాలే" అని పల్లవి బస్సుకు పరుగెత్తింది.

ఆ మాటకు లోకేశ్వరి ముఖం పాలిపోయింది. అంగడి ఆమె అన్న ధనంజయది. పొద్దున అతను కూర్చుంటాడు, మధ్యాహ్నం నుంచి ఆమె. పుస్తకాలు ఎవరూ చదవడం లేదు, మూసేసి జిరాక్స్ మిషను పెడతానని అన్న ఎప్పటినుంచో అంటున్నాడు. పెట్టకుండా ఆపింది లోకేశ్వరే. కొత్తవాళ్లకు ప్రేమ నవలలు అలవాటు చేయడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. అవి ఆడవాళ్ల సరుకని ముఖం తిప్పుకునే మగవాళ్లనూ వదిలేది కాదు. మొదటిసారి వచ్చినవాడికి సన్న పుస్తకమే ఇచ్చేది, లావుది చూస్తే బెదిరిపోతాడని. బస్సులో పక్కవాడు నవ్వకుండా పైన పేపరు చుట్టి ఇచ్చేది. అన్నిటికీ మించి కథ చెప్పేది. ఇద్దరూ అలిగి విడిపోయేదాకా చెప్పి, టక్కున ఆపేసి, "మిగతాది సదువుకో పో" అనేది. ఆ టక్కున ఆపడం దగ్గరే యోగానంద చిత్తయిపోయాడు. వారం వారం వచ్చి ముగింపు ఎలా ఉందో చెప్పేవాడు. ఆమె తలూపి మరో కథ ఎత్తుకునేది. ఊరంతా ఆమెను అక్కా అంటుంది. అతనికి మాత్రం ఆ పిలుపు నోటికి రాలేదు.

"నిజం చెప్పప్పా" అంది లోకేశ్వరి. "ఆ పుస్తకం సదివినావా లేదా?"

యోగానంద తల దించుకున్నాడు. ఇక ఈ గడప తొక్కనివ్వదు, అయిపోయింది అనుకున్నాడు.

"నాకు తెలుగు సదవను రాదు" అన్నాడు. "మా ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ ఇస్కూల్లో నేర్పింది అరవం. ఈ అక్షరాలు ఒక్కటీ తెలవదు."

లోకేశ్వరి గుండె మీద చెయ్యి వేసుకుంది. "మరి ఇన్ని పుస్తకాలు ఏమిటికి తీసకపోయినావు?" అంది.

"పుస్తకం తీసుకుంటేనే గదా నువ్వు కథ సెప్పేది."

"ముగింపులు?"

"నువ్వు ఆపేసిన కాడి నుంచి నేనే అల్లుకుంటి. ఇంట్లో ఒక్కణ్ణే గదా, పొద్దుపోయేది. కాణిపాకం, దండలు, అంతా నేను కల్పించిందే."

తిడుతుందని కాచుకున్నాడు. ఆమె తిట్టలేదు. పుస్తకాన్ని దగ్గరికి లాక్కుని, అట్ట మీది లారీని వేలితో తుడుస్తూ కూర్చుంది. అప్పుడు తట్టింది యోగానందకు.

"అది సరే గానీ" అన్నాడు మెల్లగా. "నేను నోటికొచ్చిన ముగింపు సెప్తే ప్రతిసారీ అవును, అంతే గదా అంటివే. అన్నీ సదివిన దానివి, ఎట్ల అంటివి?"

లోకేశ్వరి రోడ్డు వైపు చూసింది. అన్న బండి ఇంకా రాలేదు.

"నాకు అరవమూ తెలుగూ ఏదీ సదవను రాదప్పా" అంది. "అట్ట మీద బొమ్మను సూసి, నేనూ నోటికొచ్చిందే సెప్తా ఉండాను."