నలభై ఏడో గడి

"అయిదుకి అయిదా!"

పెద్దాఫీసరు కళ్ళజోడు సర్దుకుని బల్ల మీది పటంపైకి వంగాడు. పట్టణమంతా అందులో గళ్ళుగళ్ళుగా ఉంది. విమానం నుంచి తీసిన ఫోటోలు చూసి, ఏ గడిలో ఎన్ని ప్రాణులు బతకగలవో అంచనా కట్టి మార్కులు వెయ్యడం సర్వేయరు పని. అయిదు పడిన గడిలో గడ్డిపోచ కూడా కొయ్యకూడదు.

ఇప్పటిదాకా ఏ గడికీ మూడు దాటలేదు.

"ఇంత బుల్లి ముక్కకా?"

"చిన్నదే సార్. కానీ చూడండి." సర్వేయరు మూడేళ్ళ ఫోటోలు వరసగా పేర్చాడు. "ఏటికేడాదీ పచ్చదనం చిక్కబడుతోంది. కాలిబాట లేదు. మనిషి అడుగుపెట్టిన జాడే లేదు. అందుకు నాదీ పూచీ."

ఇవాళ శుక్రవారం. ముద్ర పడకపోతే ఆదివారం పొద్దున్నే అక్కడ కొడవలి దిగుతుంది.

"ఎవరయ్యా కొట్టించేది?"

"చాలా గట్టి పార్టీ సార్. మూడేళ్ళుగా గడువు మీద గడువు పెడుతున్నారు. ఈసారి ఊరుకునేది లేదన్నారు."

"బెదిరిస్తున్నారా?"

"రోజూ సార్."

అంతలో ఫోను మోగింది. సర్వేయరు పేరు చూసి గతుక్కుమన్నాడు. టక్కున నొక్కేశాడు.

"వాళ్ళేనా?"

తలూపాడు.

పెద్దాఫీసరు పళ్ళు నూరాడు. "నోట్లో నాలుక లేనివాడివనుకున్నాను. ఇంత గుండె ఉందా నీకు! పద, ఓసారి వెళ్ళి చూసొద్దాం."

సర్వేయరుకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"వద్దు సార్! మనం వెళ్తే పక్షులు బెదిరిపోతాయి."

"అదీ నిజమే." పెద్దాఫీసరు భూతద్దం ఫోటో మీద ఆనించాడు. "ఇదేంటి, ఈ తెల్లటి చుక్క? కొంగా?"

"చెప్పలేం సార్. రెండేళ్ళుగా అక్కడే ఉంది."

"రెండేళ్ళుగా కదల్లేదా! ఎంత ప్రశాంతంగా ఉందో చూడు పాపం!"

దబ్బున ముద్ర పడింది. నలభై ఏడో గడిలో ఇక ఎవరూ చెయ్యి పెట్టడానికి లేదు. సర్వేయరు ఆ ఉత్తర్వుని నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో భద్రంగా దాచుకున్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళగానే, పెరటి గుమ్మంలో కూర్చుని కొడవలి నూరుతున్న భార్య చేతిలో ఆ కాగితం పెట్టి, "సర్కారే వద్దంటుంటే నేనేం చెయ్యనే, ఆఖరికి గాలికెగిరి పడ్డ నా బనియన్ కూడా తియ్యకూడదట!" అన్నాడు.