పది చుక్కలు

ఆ కాగితాన్ని ఎవరు చింపారు?

పిల్లల వార్డులో డాక్టరు ఈ ప్రశ్న వేసి గంట దాటింది. చింపడం చూసిన వాచ్‌మన్ సైతం తలుపు దగ్గరి కుర్చీలు సర్దుతున్నాడు. టోకెన్లు ఇచ్చే ఆవిడ తన చెల్లెలి పక్కన కూర్చుంది.

మొన్న ఉదయం ఒకతను ఆవిడ టోకెన్ల కిటికీ ముందుకు రాగానే, వరుసలోనివాళ్లు ముక్కులు మూసుకున్నారు. చొక్కా నిండా గంజాయి వాసన. వేళ్లకు ఆకుపచ్చ జిగురు.

"డాక్టరుగారిని కలవాలమ్మా. రెండే నిమిషాలు."

"పొద్దున్నే దమ్ము లాగి తగలడ్డావా? నీకు కావాల్సింది టోకెన్ కాదు నాయనా, రెండు బిందెల చన్నీళ్లు!"

వరుస గొల్లున నవ్వింది.

"నేను తాగనమ్మా. ఇందాకటి నుంచి ఫోన్ చేస్తున్నాను, కలవడమే లేదు!"

ఎలా కలుస్తుంది? రద్దీ వేళ రిసీవరు తీసి పక్కన పెట్టడం ఆవిడ అలవాటు.

"పోనీ, ఈ కాగితమైనా లోపలికి పంపండి. మూర్ఛ వచ్చే పిల్లల..."

"పిల్లల్ని అడ్డం పెట్టుకుని గంజాయికి చీటీ రాయించుకుంటావా? వాచ్‌మన్, ఈయన్ని సాగనంపు!"

అతను కాగితాన్ని కిటికీలోంచి లోపలికి తోసి వెళ్లాడు. ఆవిడ చదవకుండానే నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో చెల్లెలు తన పాప మందు కొత్త సీసా మూత తీసింది. గంజాయి నుంచి తీసిన నూనెమందు. డాక్టరు రాస్తేనే ఇస్తారు. అది మొదలుపెట్టాకే పాపకు రోజుకు ఇరవైసార్లు వచ్చే మూర్ఛ ఒకసారికి దిగింది.

"దీన్ని చేసిన మహానుభావుడెవరో గానీ, కనిపిస్తే కాళ్లకు దండం పెడతానక్కా," అంటూ ఎప్పటిలాగే పది చుక్కలు వేసింది.

రెండు రోజులు అలాగే వేసింది. ఈ ఉదయం పాప లేవలేదు. ఇప్పుడు ఆ చిన్న ఛాతీ యంత్రం ఊదితేనే లేస్తోంది.

ఆ మనిషి మళ్లీ ఫోన్ చేసి కాగితం సంగతి చెప్పాకే డాక్టరు చెత్తబుట్ట బోర్లించి, ముక్కలు ఏరి అతికించాడు. ఆవిడ మొదటిసారి చదివింది.

"కొత్త సీసాల డ్రాపరు రంధ్రం పెద్దది. పాత పది చుక్కలకు ఇప్పుడు ఐదే. మించితే, మూర్ఛ మాత్రల మత్తు కూడా తోడై ఊపిరి మందగిస్తుంది. దయచేసి ప్రతి తల్లికీ చెప్పండి."

కింద సంతకం. ఏడాదిగా పాప సీసా మీద, 'తయారుచేసినవారు' అన్న చోట ఉంటున్న సంతకమే అది.

రేపు అలాంటి వాసనతో ఒక మనిషి మీ కిటికీ ముందు నిలబడితే, కావాలంటే ముక్కు మూసుకోండి; చేతిలోని కాగితం మాత్రం చదవండి.