కుడిచేతి గ్లౌజు

“ఛాతీకి కట్టే పట్టీ వద్దండీ. మావాడికి పట్టీలంటే అస్సలు పడదు,” అందావిడ, అద్దాల బల్ల మీదికి వంగి.

షాపతను అప్పటికే ఐదు కెమెరాలు బయటపెట్టాడు. నీళ్ళలో వాడే కెమెరాలు అమ్మడంలో ఆ బజారులో అతన్ని మించినవాడు లేడు. తను మాత్రం బకెట్టు నీళ్ళు దాటి ఏనాడూ ఎందులోనూ దిగలేదు. అందుకే మునక వేసేవాళ్ళంటే అతనికి ఎక్కడలేని గౌరవం.

“పోనీ చేతికి కడదామా? బటన్ నొక్కుకోవడానికి వీలుగా ఉంటుంది.”

“నొక్కడం కుదరదండీ. మావాడికి ఎడమ చేయి లేదు. వలలో చిక్కుకుని తెగిపోయింది. ఉన్న ఆ కుడిచేయి ఈతకే చాలడం లేదు.”

కెమెరా తుడుస్తున్న గుడ్డ షాపతని చేతిలో అలాగే ఆగిపోయింది.

“ఒంటిచేత్తో ఈదుతాడా!”

“ఈదుతాడు. లోతుకు దిగగలడా అన్నదే తేలాలి. పదకొండు నెలల్నుంచి నాలుగు గోడల మధ్యే ఉన్నాడు. తిండి కూడా నేనే నోటికి అందిస్తున్నాను. ‘వీడింతేనమ్మా, ఇక్కడే ఉంచేద్దాం’ అంటారు మా డాక్టరుగారు. నేను ఒప్పుకోలేదు. ఆదివారం సముద్రపు పాయలో దింపుతున్నాం. అడుగుదాకా వెళ్ళి, తనంతట తాను ఒక్క పీతను పట్టినట్టు వీడియోలో కనిపిస్తే సంతకం పెడతానన్నారు. లేదంటే జన్మంతా ఆ గోడలే. అవకాశం ఒక్కసారే ఇస్తారట. కెమెరా మొరాయించిందా, అంతే సంగతులు.”

షాపతనికి పూనకం వచ్చినంత పనయింది. ఐదింట్లో రెండిటిని అప్పటికప్పుడు పక్కకు నెట్టేశాడు.

“ఇవి బరువమ్మా. అసలే సిలిండరు బరువొకటి ఉంటుంది.”

“సిలిండరు లేదండీ. ఊపిరి బిగబట్టే దిగుతాడు.”

“అమ్మ బాబోయ్!” మూడోదాన్ని కూడా నెట్టేశాడు. “పాయ ఎంత లోతు?”

“ఎనిమిది మీటర్లు.”

“అయితే ఇదీ మీ కెమెరా! అగ్గిపెట్టెంత ఉంటుంది. పైన వేరే పెట్టె అక్కర్లేకుండా పది మీటర్లు తట్టుకుంటుంది. ఒడ్డునే ఆన్ చేసి వదిలేయండి, గంటన్నర ఆగకుండా తీస్తుంది. మనిషి ఎటు ఒరిగినా బొమ్మ కుదురుగా ఉంటుంది.”

“ఎడమపక్కకి ఒరుగుతాడండీ. అదే నా బెంగ.”

“ఒరగనివ్వండి, నాదీ పూచీ!”

మాట మీద నమ్మకం కుదరాలని కెమెరాను ఒక గాజు కూజాలో ముంచి, కూజాను గిరగిరా తిప్పి చూపించాడు. తెర మీద అతని బట్టతల తొణక్కుండా బెణక్కుండా కనిపించింది. ఆవిడ చప్పట్లు కొట్టింది.

“మరి బిగించడం ఎక్కడ?” అన్నాడు షాపతను.

“వీపు మీద అంటించేస్తే?”

“ఒంటికి అంటుకోదమ్మా, జారిపోతుంది.”

“మావాడి వీపు సంగతి మీకు తెలీదు. రాయే!” అని నవ్విందావిడ.

“కసరత్తు ఒళ్ళన్నమాట!” షాపతను తన బొజ్జ కాస్త లోపలికి లాక్కుని, అంటించే బిళ్ళలు మూడు తీసిచ్చాడు.

“మీరూ రండి ఆదివారం, చూద్దురుగాని,” అంటూ ఆవిడ హడావిడిగా వెళ్ళిపోయింది. కెమెరాతో ఊరికే ఇచ్చే గ్లౌజుల జత బల్ల మీదే ఉండిపోయింది.

శనివారం అతను ఆ జతలోంచి ఒకటి తీసి డ్రాయరులో పెట్టేస్తుంటే భార్య చూసింది.

“అదేమిటండీ, ఒక్క గ్లౌజే ఇస్తారా ఎవరైనా?”

“రెండూ ఇస్తే పాపం మనసు నొచ్చుకోడూ!”

ఆదివారం షాపు తాళం తీయనేలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుడిచేతి గ్లౌజు రంగు కాగితంలో చుట్టించుకుని ఒడ్డుకు చేరేసరికి మునక అయిపోయింది. డాక్టరు గొడుగు కింద కూర్చుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని వీడియో చూస్తున్నాడు. చుట్టూ పదిమంది మూగారు. ఆవిడ మాత్రం దూరంగా, అటు తిరిగి కళ్ళు మూసుకుని నిలబడింది.

“మీరు చూడరా అమ్మా?”

“నావల్ల కాదండీ.”

డాక్టరు పైకే చెబుతున్నాడు. “మూడు మీటర్లు... ఒరిగాడు... ఇదిగో, నేను చెప్పలేదూ... ఆగండాగండి, సర్దుకున్నాడు. ఐదు... ఏడు...”

ఆవిడ షాపతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగుతున్నా అతను కదల్లేదు.

“అడుగు తాకాడు. పీత! తప్పించుకుంది. మళ్ళీ తిరిగాడు... పట్టేశాడు! పట్టేశాడమ్మా!”

గొడుగు ఎగిరి అవతల పడింది. షాపతను ఎవరో తెలియని మనిషిని వాటేసుకుని గంతులేశాడు. డాక్టరు కాగితం తెప్పించుకుని సంతకం చేసి, “ఓడిపోయాను తల్లీ,” అన్నాడు నవ్వుతూ. ఆవిడ ఆ కాగితాన్ని గుండెకు హత్తుకుని బావురుమంది. ఏడుస్తూనే నవ్వింది.

“రండి, మావాణ్ణి చూద్దురుగాని. ఇంకో గంటలో వెళ్ళిపోతాడు.”

“ఎక్కడికి?”

“ఇంటికి,” అంది కళ్ళు తుడుచుకుంటూ.

షాపతను జుట్టు లేని తలను ఓసారి సవరించుకున్నాడు. దారి పొడుగునా బట్టీ పట్టిన రెండు మాటలూ మళ్ళీ గొణుక్కున్నాడు. గ్లౌజు ఎడమ చేతిలోకి మార్చుకుని, కరచాలనానికి కుడిచేయి ముందుగానే చాపి, ఆవిడ వెనకే ఒడ్డున వేసిన గుడారంలో అడుగుపెట్టాడు. ఆరడుగుల మనిషి కోసం పైకి చూశాడు. ఎవరూ లేరు.

“కింద చూడండి,” అందావిడ.

నీళ్ళతొట్టిలోంచి తాబేలు తలెత్తింది.