ఏడు జానల పెట్టె

వడ్రంగి నూటో పెట్టె తెచ్చి గుమ్మంలో దించాడు. అక్రోటు చెక్క, ఏడు జానల పొడవు. గిజోలా ముఖంలోకి చూడలేక, మూత సరిగ్గా పడుతోందో లేదో అని మూడుసార్లు వేసి తీశాడు.

"దియాంబ్రాకి సరిపోతుందమ్మా. కాళ్లు ముడవక్కర్లేదు," అన్నాడు నేలచూపులు చూస్తూ.

గిజోలాకి ఒక్కతే కూతురు. పదిహేనేళ్ల పిల్ల. కాళ్లు చచ్చుబడి ఐదేళ్లు ఓక్ పలక మీదే పడుకుని, ఊరందరి కష్టాలూ తనవే అన్నట్టు ప్రార్థించింది. ఆ పలక గీకిన పొట్టు తాయెత్తులో కట్టుకుంటే జ్వరాలు తగ్గాయని, టస్కనీ నలుమూలల నుంచీ జనం ఈ మోంతెఫోస్కో కొండెక్కి వచ్చారు. రాళ్లు తప్ప ఏమీ పండని ఊరికి ఇన్నాళ్లూ తిండి పెట్టింది ఆ పిల్లే. ఇప్పుడు ఆమె కోసం గుడిలో బలిపీఠం కింద గూడు కట్టేశారు. పటం గీసేవాడు తల చుట్టూ బంగారు రేకు కూడా అద్దేశాడు.

తప్పు గిజోలాదే. కూతుర్ని తన పుట్టింటికి, లోయలోకి తీసుకుపోతానని నిన్న గుడి గురువుగారి దగ్గర నోరు జారింది. మధ్యాహ్నానికల్లా ఊరి కోట గుమ్మం దగ్గర ఇద్దరు మనుషుల్ని కాపలా పెట్టారు.

ఈ సాయంత్రం, నూటో ఇంకా గుమ్మంలో ఉండగానే, ఊరిపెద్ద ఉగుచ్చోనే స్వయంగా వచ్చాడు. గిజోలా అతని కాళ్ల మీద పడింది. అది చూడలేక నూటో ఇంటిదారి పట్టాడు.

"అది నా కడుపున పుట్టిందయ్యా. నాకొదిలెయ్యండి."

"నీ ఒక్కదానికే బిడ్డా, గిజోలమ్మా? లోయవాళ్ల చేతికి చిక్కితే ఇక వదులుతారా? వాళ్ల గుళ్లో పెట్టేసుకుంటారు. మన గూడు ఖాళీగా పడుంటుంది." అతని గొంతులో కోపం లేదు. అందుకే ఆమెకి ఇంకా భయమేసింది. "రేపు పొద్దున పూజ కాగానే పెట్టెలో పెడతాం. ఘనంగా చేస్తాం. నీకే లోటూ రానివ్వం."

అతను వెళ్లేసరికి వీధిలో ఆడవాళ్లు కొవ్వొత్తులు పట్టుకుని చేరారు. పక్కింటి తెస్సా అప్పుడే కత్తెర తెచ్చుకుంది. వదినా, తాయెత్తులోకి ఒక్క వెంట్రుక నాకు, అని బతిమాలింది. గిజోలా తలుపు గడియ వేసి, దానికే వీపు ఆన్చి నిలబడింది.

లోపలి గది తలుపు కిర్రుమంది. నిన్ననే ఐదేళ్ల తర్వాత తన కాళ్ల మీద లేచి నిలబడ్డ దియాంబ్రా, గోడ పట్టుకుని మెల్లగా నడిచొచ్చి, "ఆ పెట్టె ఎవరికమ్మా?" అంది.